భీమిలిలో ఉండి స్కూబా చేయొచ్చా?

హైదరాబాద్ నుంచి ముగ్గురు వస్తున్నామని, డైవింగ్ చేసేవాళ్లూ బ్యాక్‌ప్యాకర్లూ ఉండే చిన్న ఊరు విశాఖ దగ్గర ఉందా అని అడిగారు. భీమిలి, నాలుగు రోజులు అని కూడా రాశారు. నేను విశాఖ ఎంవీపీ కాలనీలో పెరిగాను. స్కూబా రెండుసార్లు చేశాను, అందులో ఒకసారి డబ్బు దండగే.

బ్యాక్‌ప్యాకర్లతో నిండే గోకర్ణ లాంటి ఊరు ఇక్కడ లేదు. భీమిలి ప్రశాంతమైన పాత ఊరు, రాత్రి తొమ్మిదికే సద్దుమణుగుతుంది. స్కూబా ఎక్కువగా రుషికొండ వైపు చేయిస్తారు. నేనైతే భీమిలిలోనే గది తీసుకుని పొద్దున్నే రుషికొండ వెళ్తాను. బీచ్ రోడ్డులో 900కె బస్సు ఉంది.

ఇక దండగ సంగతి. మొదటిసారి దసరా సెలవుల్లో వెళ్లాను. ముందురోజు రాత్రి వాన. గట్టున వల బాగు చేసుకుంటున్న ఓ పెద్దాయన "నీరు ఎర్రగుంటే ఏటి కనిపిస్తాది బాబూ" అన్నాడు. వినలేదు. దిగాక టీలో ముంచినట్టే ఉంది, నన్ను పట్టుకున్న ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి తప్ప ఏమీ కనిపించలేదు. పైగా లోతుకు దిగేకొద్దీ నీటి ఒత్తిడికి చెవుల నొప్పి! ముక్కు మూసుకుని గాలి ఊదడం నొప్పి మొదలవకముందే చేయాలి, నొప్పి వచ్చాక కాదు. ఆ ముక్క నాకు గట్టున ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఆరోజు డైవ్ రద్దు చేసి ఉండాల్సింది, కానీ డబ్బు కట్టించుకున్నవాళ్లు ఎందుకు చేస్తారు? అందుకే మీరు డబ్బు కట్టేముందే "ఈరోజు లోపల ఎంత దూరం కనిపిస్తోంది?" అని అడగండి. జలుబుంటే అసలు దిగొద్దు.

రెండోసారి సంక్రాంతి దాటాక వెళ్లాను. రాళ్లు, వాటి సందుల్లో చేపల గుంపులు బాగానే కనిపించాయి. అండమాన్‌తో మాత్రం పోల్చకండి.

అందరూ చేసే తప్పు ఇంకొకటి ఉంది. పొద్దున స్కూబా, మధ్యాహ్నం అరకు. మా బావ సరిగ్గా ఇదే ప్లాన్ వేస్తే నేనే ఆపాను. నీళ్లలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ కొంత ఒంట్లో కరిగి ఉంటుంది. ఎత్తుకు పోతే ఒత్తిడి తగ్గి, సోడా మూత తీసినట్టు బుడగలు కట్టొచ్చు. విమానమైనా, 600 మీటర్లు దాటిన కొండైనా ఒకటే లెక్క, అరకు 900 మీటర్ల పైమాటే. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు ఆగాలి. లోతు తక్కువే కదా అని కొందరు తేలిగ్గా తీసుకుంటారు, నేను తీసుకోను.

భీమిలిలో చూడ్డానికి డచ్చివాళ్ల సమాధులున్నాయి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరది. దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఎండ ఎక్కకముందే చూడండి, నీడ ఉండదు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట స్నానానికి దిగకండి, పైకి నెమ్మదిగా కనిపించినా లాగేస్తుంది. పొద్దున్నే పడవలు వచ్చే వేళకు ఒడ్డుకు వెళ్తే వంజరం దొరకొచ్చు, బేరం ఆడండి.

స్కూబా రెండో రోజుకు పెట్టుకోండి. ఆరోజు నీళ్లు బాగోకపోతే మూడో రోజు పొద్దున ఉంటుంది. అరకు నాలుగో రోజు.