సరస్సు తరఫున సంతకం ఎవరిది?

ప్రశ్న: స్పెయిన్‌లో ఒక ఉప్పునీటి సరస్సుకు మనిషికి ఉన్నట్టే చట్టబద్ధమైన హక్కులు ఇచ్చారని చదివాను. నోరు లేని నీళ్లు కోర్టుకు ఎలా వెళ్తాయండీ? కాలుష్యాన్ని ఆపడానికి ఉన్న చట్టాలు చాలవా?

జవాబు: నోరు లేకపోవడం కోర్టులో అడ్డంకేమీ కాదమ్మా. కంపెనీకి మాత్రం నోరుందా? ఏడాది నిండని పసివాడి పేరిట ఆస్తి దావాలు నడవడం లేదా? వాళ్ల తరఫున ఎవరో ఒకరు సంతకం పెడతారు. వకీలుగా ఉన్నన్నాళ్లూ అలాంటి కాగితాలు బోలెడు చూశాను. ఆ సంతకం ఎవరిదన్నదే అసలు తగాదా.

మీరు చదివిన సరస్సు పేరు మార్ మెనోర్. విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లు. పొలాల్లో వేసిన ఎరువుల నైట్రేట్లు ఏళ్ల తరబడి అందులోకి దిగి నాచు పెరిగింది, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయింది. 2019 అక్టోబరులో చేపలు, రొయ్యలు ఊపిరాడక ఒడ్డుకు చేరి కుప్పలుగా చచ్చిపోయాయి. చోద్యమేమిటంటే, 1994 నుంచీ అది రామ్‌సర్ జాబితాలో, అంటే కాపాడాల్సిన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాలో ఉంది. కాగితం మీద రక్షణకు లోటేమీ లేదు.

లోటల్లా దావా వేయడంలోనే. మామూలుగా అయితే నష్టపోయింది తానేనని వాది చూపించాలి. జాలరి తన వేట దెబ్బతిన్నదని కేసు గెలిస్తే పరిహారం జాలరికి వస్తుంది, సరస్సుకు దమ్మిడీ రాదు. అమెరికా న్యాయాచార్యుడు క్రిస్టఫర్ స్టోన్ 1972లోనే ఈ తిరకాసును ఎత్తిచూపారు. స్పెయిన్‌లో ఆరు లక్షల మందికి పైగా సంతకాలు చేశాక 2022లో చట్టం వచ్చింది. ఇప్పుడు ఎవరైనా సరే, సరస్సు పేరిటే కోర్టుకు వెళ్లవచ్చు. గెలిస్తే లాయరు ఫీజు, నిపుణుల ఖర్చు తిరిగి వస్తాయి. ఈ ఒక్క నిబంధన విలువ ఏమిటో కేసు నడిపి చేతులు కాల్చుకున్నవాళ్లను అడగండి.

ఇక సంతకం సంగతి. న్యూజిలాండ్ 2017లో వాంగనుయ్ నదిని చట్టం దృష్టిలో వ్యక్తిగా గుర్తించింది. నది తరఫున మాట్లాడేది ఇద్దరు: ఒకరిని ప్రభుత్వం, మరొకరిని నదీతీరపు మావోరీ తెగలు ప్రతిపాదిస్తాయి. 3 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల నిధి కూడా పెట్టారు. అదే ఏడాది గంగ, యమునలకు ఉత్తరాఖండ్ హైకోర్టు అలాంటి హోదాయే ఇచ్చింది. కానీ సంరక్షకులుగా నియమించింది ఎవరిని? రాష్ట్ర ప్రధాన కార్యదర్శిని, అడ్వకేట్ జనరల్‌ను, గంగా ప్రక్షాళన పథకమైన నమామి గంగే డైరెక్టర్‌ను. నదిలోకి మురుగు రాకుండా చూడాల్సిన ప్రభుత్వం మీద ఆ ప్రభుత్వపు వకీలే కేసు వేస్తాడా? నాకైతే నమ్మకం లేదు. వరద వస్తే బాధితులకు పరిహారం ఎవరివ్వాలంటూ రాష్ట్రమే సుప్రీంకోర్టుకు వెళ్లింది. జూలైలో హైకోర్టు తీర్పు మీద స్టే వచ్చింది.

ప్రశ్న: పార్లమెంటు దాకా ఎందుకు? స్థానిక సంస్థ తీర్మానం చేస్తే చాలదా?

జవాబు: అమెరికాలో టొలీడో నగరం ఆ పని చేసి చూసింది. 2014లో ఈరీ సరస్సు నాచులోని విషం వల్ల అక్కడ మూడు రోజుల పాటు కుళాయి నీళ్లు తాగొద్దన్నారు. కడుపు మండిన జనం 2019 ఫిబ్రవరిలో ఓటేసి మరీ సరస్సుకు హక్కులిచ్చారు. మర్నాడే ఒక వ్యవసాయ సంస్థ కోర్టుకెక్కింది. ఏడాది తిరిగేసరికి ఫెడరల్ జడ్జి ఆ హక్కుల చట్టాన్నే కొట్టేశారు. సరస్సుకు ‘వర్ధిల్లే హక్కు’ ఉందన్నారు సరే, ఏ పని దానికి భంగమో చెప్పలేదు కదా అన్నది ఆయన అభ్యంతరం. అలా చూస్తే చేపలు పట్టడం, కలుపు పీకడం, మొక్కజొన్న వేయడం కూడా నేరమే కావచ్చన్నారు. ఆ తీర్పు నాకు మింగుడుపడలేదు గానీ, ఈ ప్రశ్న మాత్రం న్యాయమైనదే. అందుకే మీ తీర్మానంలో సరస్సు హద్దులు ఎక్కడి నుంచి ఎక్కడిదాకానో, ఏయే వ్యర్థాలు ఎంత మోతాదు దాటకూడదో అంకెల్లో రాయించండి.