డాక్టర్ సలహా: వ్యోమగామి వేషం తయారుచేస్తుంటే తలనొప్పి, దగ్గు, దద్దుర్లు.. ఆపేయాలా?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. మాది రాజోలు దగ్గర పల్లె. సైన్స్ ఫిక్షన్ అంటే చిన్నప్పటి నుంచి ప్రాణం. హైదరాబాదులో జరిగే కామిక్ కాన్‌కు (కామిక్స్, సినిమా పాత్రల అభిమానుల పండుగ) నేనే ఊహించుకున్న వ్యోమగామి వేషంతో వెళ్లాలని రెండు నెలలుగా హెల్మెట్, భుజాలకు, ఛాతీకి కవచాలు, చేతిలో పట్టుకునే ఒక యంత్రం తయారుచేస్తున్నాను. ఫోమ్ షీట్లు కోసి చెప్పులు అతికించే పసుపు జిగురుతో అంటిస్తాను. హెల్మెట్‌కు ఎపాక్సీ రెజిన్ పూసి, ఆరాక ఎమరీ పేపరుతో రుద్దుతున్నాను. దోమల వల్ల సాయంత్రం తలుపులు, కిటికీలు మూసి, కాయిల్ వెలిగించుకుని, ఫ్యాను వేసుకుని చేస్తాను. పని చేసిన రాత్రి తల పగిలిపోతుంది, కడుపులో తిప్పుతుంది. పది రోజులుగా పొడి దగ్గు. వేళ్ల మధ్య, మణికట్ల దగ్గర దద్దుర్లు, దురద. మొన్న మధ్యాహ్నం వేషమంతా వేసుకుని డాబా మీద ఫొటోలు దిగుతుంటే కళ్లు తిరిగి కూలబడ్డాను. అమ్మ అన్నీ ఆపేయమంటోంది. ఆపేయాలా? లేక మొదటి నుంచి సరిగ్గా చేయాలంటే ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆపేయనక్కర్లేదు. ఈ మాట మీ అమ్మగారికి కూడా చదివి వినిపించండి. మీరు రాసిన నాలుగు బాధలకూ నాలుగు వేరువేరు కారణాలు కనిపిస్తున్నాయి. నాలుగూ తప్పించుకోగలిగినవే. అయితే చేతుల మీద దద్దుర్లు పూర్తిగా తగ్గేదాకా రెజిన్ డబ్బా మూత తీయవద్దు. జిగురు పనిని ఈ రోజు నుంచే గదిలో నుంచి బయటికి మార్చండి.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది తలనొప్పి కాదు, దోమల కాయిల్. పసుపు జిగురు డబ్బా మూత తీయగానే గుప్పున వచ్చే వాసన టోలుయిన్, హెక్సేన్ వంటి ద్రావకాలది. జిగురు ఆరిందంటే ఆ ద్రావకం గాలిలో కలిసిందన్నమాట. ఆ ఆవిరి గాలి కంటే బరువు. నేలకు దిగి చాప మీదుగా పాకుతుంది. మీరు నేల మీదే కూర్చుని, ముక్క మీదికి వంగి జిగురు పూస్తారు. అదే నేల మీద కాయిల్, పక్కనే అగ్గిపెట్టె. ఆ ఆవిరి ఇట్టే అంటుకునేది. వంటింట్లో గ్యాస్ లీకైనప్పుడు అగ్గిపుల్ల గీయకూడదని ఇంట్లో అందరికీ తెలుసు. జిగురు డబ్బా తెరిచిన గదికీ అదే నియమం. కాయిల్, దీపం, పొయ్యి, వేడి గాలి వదిలే హీట్ గన్, ఏదీ ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

తలనొప్పి, వికారం కూడా ఆ ఆవిరి వల్లే కావచ్చు. సీలింగ్ ఫ్యాను గదిలో గాలిని గదిలోనే తిప్పుతుంది, బయటికి పంపదు. ఒక చిన్న పరీక్ష చేసుకోండి. వారం పాటు జిగురు ముట్టకండి. తలనొప్పి రాకుండా ఉండి, మళ్లీ పని మొదలుపెట్టిన రోజే వస్తే కారణం తేలిపోయినట్టే. పని మానేసినా వస్తుంటే మాత్రం కళ్లు, రక్తపోటు, మిగతా కారణాలు చూడాలి. ఆ సంగతి డాక్టరు దగ్గరే తేలాలి.

దోమల సమస్య నాకు తెలియనిది కాదు. కాలువలు, చేపల చెరువులు, వరి చేల మధ్య ఉన్న ఊళ్లో సంధ్యవేళ కిటికీ తెరిచి ఉంచమని ఎవరికీ చెప్పలేను. అందుకే పనిని రెండు పూటలకు పంచుకోండి. వాసన వచ్చే పనులన్నీ పొద్దున ఎనిమిది, పది గంటల మధ్య వసారాలో, మీ వెనక నుంచి గాలి వీచేలా కూర్చుని చేయండి. అప్పుడు ఆవిరి మీ ముఖం మీదికి రాకుండా అవతలికి పోతుంది. ఈ జిగురును రెండు ముక్కలకూ పలచగా పూసి, వేలితో తాకితే అంటుకోనంత వరకు ఆరనిచ్చి, అప్పుడు ఒకదానికొకటి నొక్కాలి. ఆ ఆరే పది, పదిహేను నిమిషాలు మీరు పక్కనే కూర్చోనక్కర్లేదు. ముక్కలు వసారాలో వదిలి వెళ్లి కాఫీ తాగి రండి. సాయంత్రం కిటికీలు మూశాక కొలతలు, గీతలు, కత్తిరింపు, కుట్టుపని, నీటి రంగులు పెట్టుకోండి.

ఈ విషయంలో ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 1960లలో జపాన్‌లో ఇళ్లలోనే కూర్చుని చెప్పులు అతికించే కార్మికులకు కాళ్లు, చేతులు తిమ్మిరెక్కి, బలం తగ్గి, కొందరికి నడక కూడా కష్టమైంది. జిగురులోని హెక్సేన్ వారి నరాలను దెబ్బతీసిందని తర్వాత తేలింది. వాళ్లు రోజూ గంటల తరబడి, నెలల తరబడి ఆ పనే చేసినవాళ్లు. మీరు అంత దూరం వెళ్లలేదు. అయినా కాలి వేళ్లు మొద్దుబారడం, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియకపోవడం వంటివి గమనిస్తే ఆ రోజే జిగురు పని మానేసి డాక్టరును కలవండి. గర్భిణులు ఈ ద్రావకాల జోలికి అసలు వెళ్లకూడదు. మీ ఇంట్లో వదినగారో అక్కగారో అలా ఉంటే ఆ పని జరిగే చోటికి వాళ్లను రానివ్వకండి.

మాస్కు గురించి మీరు రాయలేదు. వాడితే బహుశా ఎన్95 వాడుతూ ఉంటారు. అది ధూళిని ఆపుతుంది, ఆవిరిని ఆపదు. దాన్ని పెట్టుకుని జిగురు పూస్తే రక్షణ ఉందన్న ధీమా తప్ప ఇంకేమీ మిగలదు. ఆవిరికి కావలసింది బొగ్గు నింపిన కార్ట్రిడ్జ్‌లు ఉన్న రబ్బరు మాస్కు. కార్ట్రిడ్జ్ మీద ఆర్గానిక్ ఆవిర్లకు పనికొస్తుందని రాసి ఉండాలి. పని అయ్యాక దాన్ని గాలి చొరని డబ్బాలో పెట్టి మూయాలి. గోడకు తగిలించి వదిలేస్తే ఆ బొగ్గు గదిలో గాలిని పీల్చుకుంటూనే ఉండి త్వరగా పనికిరాకుండా పోతుంది. గడ్డం ఉన్న అబ్బాయిలకు మాస్కు ముఖానికి అతుక్కోదు, పక్కల నుంచి గాలి చొరబడుతుంది. ఈ సరదా ఉన్న మీ స్నేహితులకు ఇది చెప్పండి.

ధూళి విషయానికి వస్తే మీ పొడి దగ్గు అక్కడిదే అనిపిస్తోంది. ఆరిన రెజిన్‌ను, ఫోమ్‌ను పొడిగా రుద్దినప్పుడు లేచే సన్నటి పొడి కంటికి కనిపించదు. మర్నాడు పొద్దున కిటికీ గుండా ఎండ పడ్డప్పుడు గదిలో తేలుతూ కనిపించేది అదే. రెజిన్‌కు నీటిలో నాననిచ్చే ఎమరీ పేపరు వాడి, తడిపి రుద్దండి. ధూళి బురదలా కిందికి దిగిపోతుంది. గదిని చీపురుతో ఊడ్వకుండా తడి గుడ్డతో తుడవండి. ఎన్95 మాస్కు పనికొచ్చేది ఇక్కడే. దగ్గుతో పాటు పిల్లికూతలు, ఆయాసం ఉన్నా, పని చేసిన రోజుల్లో పెరిగి మానేసిన రోజుల్లో తగ్గుతున్నా అది ఉబ్బసానికి మొదలు కావచ్చు. ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకోవాలి. గట్టిపడటానికి హార్డెనర్ అనే ద్రవం కలిపి కొట్టే కారు రంగులు మెరుపు బాగుంటుందని మీకు ఎవరైనా చెప్పవచ్చు. వాటిలో ఉండే ఐసోసయనేట్లు ఉబ్బసం తెచ్చిపెట్టడంలో పేరుమోసినవి. ఇంట్లో వాటిని కొట్టవద్దు.

ఇక దద్దుర్లు. ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ సరదా సాగుతుందా ఆగుతుందా అన్నది దీని మీదే ఆధారపడవచ్చు. ఎపాక్సీ రెజిన్, దానిలో కలిపే హార్డెనర్ రెండూ చర్మానికి అలర్జీ తెప్పించగలవు. మొదటి రోజు తగిలితే ఏమీ కాదు, పదో రోజు తగిలినా ఏమీ కాకపోవచ్చు. ఒకసారి శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపట్టిందా, ఆ తర్వాత చుక్క పడినా ఒకటి రెండు రోజుల్లో దురద, ఎర్రదనం, నీటిపొక్కులు వస్తాయి. కొందరికి ఆవిరి తగిలి కనురెప్పలు కూడా వాస్తాయి. ఆ అలర్జీ సాధారణంగా జీవితాంతం పోదు. సముద్రపు ఒడ్డున ఫైబర్ పడవలు చేసే కుర్రాళ్లు వేళ్లు పగిలి వచ్చినప్పుడు నేను ముందుగా అడిగేది ఒకటే, చేతులు దేనితో కడుగుతున్నావని. థిన్నర్‌తో అంటారు. మీరూ అదే చేస్తున్నారేమో. థిన్నర్ చర్మం మీది నూనె పొరను తీసేసి, రెజిన్ లోపలికి వెళ్లడానికి దారి చేస్తుంది. కాగితంతో తుడిచి, వెంటనే సబ్బు, నీళ్లతో కడగండి. నైట్రైల్ రబ్బరు చేతి తొడుగులు వేసుకోండి, రెజిన్ అంటిన వెంటనే మార్చండి. అదే తొడుగుతో ఫోను, తలుపు గడియ ముట్టుకోవద్దు.

దద్దుర్లకు మందుల షాపులో అడిగి ఏదో ఒక క్రీము రాసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన ట్యూబులు చీటీ లేకుండానే చేతిలో పెడుతున్నారు. రెండు రోజులు హాయిగా ఉండి, తర్వాత అసలు జబ్బు ఏదో గుర్తుపట్టలేని స్థితికి వస్తుంది. కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో చర్మవైద్యులను కలిస్తే ప్యాచ్ పరీక్షతో దేనివల్ల అలర్జీయో చెబుతారు. ఎపాక్సీ అని తేలితే రెజిన్‌కు శాశ్వతంగా సెలవు చెప్పాలి. హెల్మెట్ రెజిన్ లేకుండా కూడా అవుతుంది, దిగులుపడకండి.

డాబా మీద కూలబడటం ఎండ దెబ్బకు తొలి మెట్టు. శరీరం చల్లబడేది చెమట కారినందుకు కాదు, అది ఆరినందుకు. మన దగ్గర గాలిలోనే తేమ ఎక్కువ, చెమట మామూలుగానే ఆరదు. దాని మీద ఫోమ్ కవచం తొడిగితే థర్మోకోల్ పెట్టెలో కూర్చున్నట్టే. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి వచ్చే ప్రభలను మీరు చూసే ఉంటారు. చేల మధ్య నుంచి, కౌశిక ఏరు దాటించి, భుజాల మీద మోసుకొస్తారు. అంత ఎత్తు ప్రభకు వెదురు చట్రం, పైన గుడ్డ. మీ ఛాతీ కవచాన్ని కూడా అలాగే ఆలోచించండి. ఒంటికి అతుక్కోకుండా లోపల వేలెడు ఎడం, చంకల కింద, వీపున గాలి దారులు, లోపల పలచటి నూలు బనియను. హెల్మెట్‌లో గడ్డం దగ్గర, వెనక గాలి రంధ్రాలు, వీలైతే కంప్యూటర్లలో వాడే చిన్న ఫ్యాను. మొదటిసారి ఇంట్లో పది నిమిషాలు మాత్రమే వేసుకోండి. రోజూ కొంచెం పెంచితే శరీరం వేడికి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. పక్కన ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి నిమిషంలోపు హెల్మెట్, ఛాతీ కవచం ఊడదీయగలగాలి. అది కుదరకపోతే కట్లు మార్చి వెల్క్రో పెట్టండి.

తాగడానికి కొబ్బరి నీళ్లు మంచివే. కాని వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. అందుకని ఉప్పు వేసిన మజ్జిగ, లేదా ఓఆర్ఎస్ కూడా పెట్టుకోండి. వేషంలో ఉన్న మనిషి మాట తడబడినా, అయోమయంగా ఉన్నా, ఒళ్లు కాలిపోతున్నా వెంటనే వేషం తీసి, ఒంటి మీద నీళ్లు గుమ్మరించి విసురుతూ 108కి ఫోను చేయాలి. స్పృహ లేని వాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

మొదటి నుంచి మొదలుపెట్టడం గురించి అడిగారు. 1939లో న్యూయార్క్‌లో జరిగిన తొలి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ మహాసభకు ఫారెస్ట్ ఆకర్మన్, మర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు భవిష్యత్ కాలపు దుస్తులు వేసుకుని వెళ్లారు. రెండు జతలూ కుట్టింది డగ్లసే. ఈ సరదాకు మూలపురుషులుగా చెప్పే ఆ ఇద్దరి వేషాలు గుడ్డ, సూది, దారంతో తయారైనవి. మీరూ అక్కడే మొదలుపెట్టండి. ఏటికి అవతల నరసాపురంలో ఆడవాళ్ల చేతులు అల్లే లేసు చూసినవాళ్లకు సూది ఎంత పని చేస్తుందో చెప్పాలా? తర్వాత అట్టపెట్టెలు, తెల్ల జిగురు, మైదా గంజిలో నానబెట్టిన పాత పేపర్లు. వీటితో ఒక భుజకవచం పూర్తిగా చేసి, వేసుకుని తిరిగి చూడండి. చేయి పైకెత్తితే ఎక్కడ ఒరుసుకుంటుందో అప్పుడు తెలుస్తుంది. ఆ అట్ట ముక్కలనే అచ్చుగా పెట్టుకుని ఫోమ్ కోయండి. ఫోమ్ పైన రెజిన్ బదులు నీళ్లు కలిపిన తెల్ల జిగురు నాలుగైదు పూతలు వేసి, ఆక్రిలిక్ రంగును కుంచెతో వేయండి. హీట్ గన్‌తో ఫోమ్ వంచేటప్పుడు పొగ వస్తే వేడి మించిందని అర్థం. పీవీసీ పైపును, సన్‌బోర్డును మాత్రం మంట మీద కాల్చి వంచవద్దు, హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన వాయువు వస్తుంది.

కత్తి బ్లేడును తరచూ మార్చండి. మొండి బ్లేడును బలంగా నొక్కినప్పుడే అది జారి వేలు తెగుతుంది. టెటనస్ ఇంజెక్షన్ తీసుకుని పదేళ్లు దాటితే ఒకటి వేయించుకోండి. సూపర్ గ్లూ నూలు గుడ్డ మీద ఒలికితే వేడెక్కి ఒళ్లు కాలుతుంది, కాబట్టి నూలు తొడుగులతో దాన్ని వాడకండి. వేళ్లు అంటుకుంటే లాగవద్దు, గోరువెచ్చని సబ్బు నీటిలో నాననివ్వండి.

చేతిలోని యంత్రానికి లైట్లు పెడుతుంటే, అందులో బిళ్లల్లాంటి బటన్ బ్యాటరీలు ఉంటే వాటి మూతకు స్క్రూ బిగించండి. ఇంట్లో చిన్నపిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. వాంతి చేయించకుండా నేరుగా పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏడాది దాటిన పిల్లలైతే, మింగి పన్నెండు గంటలు దాటకపోతే, దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె ఇవ్వవచ్చు, దాని కోసం ప్రయాణం మాత్రం ఆపకూడదు.

దగ్గు రెండు వారాల్లో తగ్గకపోయినా, మళ్లీ కళ్లు తిరిగినా ఆగకుండా డాక్టరును కలవండి. చర్మవైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు జిగురు, రెజిన్, హార్డెనర్ డబ్బాల లేబుళ్లను ఫోనులో ఫొటో తీసి పట్టుకెళ్లండి, డబ్బాలు మాత్రం బస్సులో తీసుకెళ్లవద్దు.