మహ్రెజ్‌ను కొన్నది రనియెరి కాదు

విశాఖపట్నం

తమ్ముడూ,

ఫుట్‌బాల్ మేనేజర్లను ఆటగాళ్ల కొనుగోళ్లతో తూచిన నీ వ్యాసం రాత్రి రెండుసార్లు చదివాను. వాక్యం నీకు వచ్చింది, దాని గురించి చెప్పేదేం లేదు. ఆ పట్టిక దగ్గరకొచ్చేసరికి మాత్రం ఒళ్లు మండింది. పైన 2015–16లో లెస్టర్‌ని ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ గెలిపించిన మేనేజర్ రనియెరి పేరు, కింద ఆ లెస్టర్ ఆటగాళ్లు, పచ్చ గళ్లు, ఎర్ర గళ్లు. మహ్రెజ్ పక్కన పదికి పది. మహ్రెజ్‌ని రనియెరి కొన్నాడని నీకెవరు చెప్పారు?

మహ్రెజ్ ఫ్రెంచ్ క్లబ్ లె హావ్ర్ నుంచి వచ్చింది 2014 జనవరిలో, 5 లక్షల పౌండ్లలోపు ధరకి. అప్పటి మేనేజర్ నైజెల్ పియర్సన్. స్ట్రైకర్ వార్డీ అంతకుముందే, 2012లో, ఫ్లీట్‌వుడ్ అనే చిన్న క్లబ్ నుంచి వచ్చి ఉన్నాడు. రనియెరి అడుగుపెట్టింది 2015 జూలైలో. మిడ్‌ఫీల్డర్ కాంటే ఆయన వచ్చాకే చేరాడు, నిజమే. కానీ ఆ కుర్రాడి కోసం పట్టుబట్టింది ఆటగాళ్లను వెతికే పని చూసిన స్టీవ్ వాల్ష్. 2018లో మహ్రెజ్‌ను మాంచెస్టర్ సిటీకి 6 కోట్ల పౌండ్లకు అమ్మినప్పుడు మేనేజర్ క్లాడ్ పుయెల్. మరి ఆ లాభం ఎవరి ఖాతాలో రాస్తావు? మన ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాడినవాడికి వేట పేరు కట్టబెడతామా?

ఈ రంగుల గళ్ల మోజు ఇప్పుడు ఎక్కడ చూసినా ఉంది. కొన్న ధర, అమ్మిన ధర, మధ్యలో తీసివేత, దాన్నే విశ్లేషణ అంటున్నారు. నేను మొదలుపెట్టినప్పుడు ఇంకో జబ్బు ఉండేది. ఫుట్‌బాల్ మీద రాస్తే ఎవరూ వేసేవారు కాదు. పూర్ణా మార్కెట్ వైపు పాత పుస్తకాల కొట్లలో చిరిగిన విదేశీ పత్రికలు ఏరుకుని, రాత్రుళ్లు కూర్చుని రాసేవాణ్ని. ఒక సంపాదకుడు, పేరు వద్దులే, ఇంగ్లిష్ మేనేజర్ బ్రయన్ క్లఫ్ మీద నేను రాసిన వ్యాసంలో, క్లఫ్ సహాయకుడు పీటర్ టేలర్ పేరున్న పేరాలన్నీ కొట్టేశాడు. 'ఈ టేలర్ ఎవరో మనవాళ్లకి తెలీదు' అన్నాడు. ఆటగాళ్లను పసిగట్టే కన్ను టేలర్‌ది! ఆయన్ని తీసేశాక ఆ వ్యాసంలో మిగిలిందేమిటి? ఆ కోపం నాకింకా పోలేదు. నువ్వు వాల్ష్ పేరు వదిలేస్తే అదే గుర్తొచ్చింది.

రనియెరిని తక్కువ చేయమనడం లేదు. ఆయన గొప్పతనం కొనడంలో లేదు, చేతికొచ్చినవాళ్లతో ఆడించుకోవడంలో ఉంది. 2014–15 లీగ్‌లో వార్డీ కొట్టినవి 5 గోల్స్, మరుసటి సీజన్‌లో 24. మహ్రెజ్ 4 నుంచి 17కి వెళ్లాడు. వీళ్ల కోసం ఆ వేసవి పైసా ఖర్చు లేదు. నీ పట్టికలో దీనికి గడే లేదు. మేనేజర్‌ను తూచాలంటే ఇక్కడ తూచు తమ్ముడూ, ఎన్నిసార్లయినా ఇదే చెబుతాను.

తర్వాతి వేసవి చూడు. 2016లో వాల్ష్ ఎవర్టన్‌కి, కాంటే చెల్సీకి వెళ్లిపోయారు. లెస్టర్ తన రికార్డు ధర పెట్టి ఫార్వర్డ్ స్లిమానీని తెచ్చింది, ఇంకో ఫార్వర్డ్ మూసాను తెచ్చింది. ఇద్దరూ కుదురుకోలేదు. 2017 ఫిబ్రవరిలో రనియెరిని తీసేశారు. 'అయితే ఘనతంతా వాల్ష్‌దే' అని తేల్చేయకు. అదే వాల్ష్ ఉన్న ఎవర్టన్, 2017లో అయాక్స్ నుంచి క్లాసెన్‌ను తెచ్చి ఒక్క సీజన్‌కే వదులుకుంది. 2018లో వాల్ష్ కూడా బయటికొచ్చేశాడు. చూసే కన్ను, సంతకం పెట్టే చెయ్యి, ఆడించే బుర్ర మూడూ ఒకచోట కలిసిన కాలం లెస్టర్‌లో చాలా చిన్నది. నువ్వు రాయాల్సిన కథ అది.

పట్టిక తీసెయ్. 2016 వేసవితో మొదలుపెట్టు. ప్రతి ఆటగాడి దగ్గరా ఎవరు చూశారు, ఎవరు ఒప్పుకున్నారు, ఎవరి కింద ఆడాడు అన్నవి రాయి. దొరకనిచోట ఖాళీగా ఉంచు, మార్కులు వేయకు. రాశాక మళ్లీ నాకే పంపు.

మీ అన్నయ్య