ప్రైమర్ గరుకు తేలితే ఏం చేయాలి?

ప్రశ్న: వేలెడంత సైనికుల బొమ్మలకు రంగులు వేయడం ఈమధ్యే మొదలుపెట్టాను. స్ప్రే డబ్బాతో ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) కొడితే ఒక బొమ్మ ఒంటినిండా ఇసుక చల్లినట్టు గరుకు తేలింది. ఇంకో బొమ్మకైతే గోరు తగిలితే చాలు, ప్రైమర్‌తో సహా రంగు లేచొస్తోంది. ఈ ప్రైమర్ గొడవ లేకుండా నేరుగా రంగు వేసుకోకూడదా?

జవాబు: ప్రైమర్ మాత్రం మానకండి. నేను మొదట్లో ఒక లోహపు గుర్రపు రౌతుకు ప్రైమర్ లేకుండానే రంగులు వేశాను. రెండు వారాలు రోజూ సాయంత్రం కూర్చుని చేసిన పని అది. చేత్తో పట్టుకుని చూస్తుంటే బొటనవేలి రాపిడికే మోకాలి దగ్గర రంగు పోయి లోహం బయటపడింది. ఇప్పటికీ అది తలచుకుంటే బాధే. మనం వాడే అక్రిలిక్ రంగులకు నున్నటి లోహం మీద, ప్లాస్టిక్ మీద పట్టు దొరకదు. ఆ పట్టు ఇచ్చేది ప్రైమరే.

మీ రెండో బొమ్మకు ప్రైమర్ వేసినా లేచిపోతోందంటే, బహుశా కడగకుండా వేసి ఉంటారు. అచ్చులోంచి బొమ్మ సులువుగా ఊడిరావడానికి జిడ్డులాంటి పూత వాడతారు. ముఖ్యంగా రెసిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే జిగురులాంటి పదార్థం) బొమ్మలకు అది అంటుకునే ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి, పాత టూత్‌బ్రష్‌తో మడతల్లోకి పోయేలా రుద్ది కడగండి. మరీ వేడినీళ్లు వద్దు, సన్నటి కత్తులు, బల్లేలు మెత్తబడి వంగిపోతాయి. రాత్రంతా ఆరనివ్వండి.

ఇక గరుకు సంగతి. డబ్బా మరీ దూరంగా పట్టుకున్నా, ఎండ మండిపోతున్నా, తుంపరలు బొమ్మను చేరేలోపే గాల్లో ఆరిపోయి పొడిలా అంటుకుంటాయి. 20 నుంచి 30 సెంటీమీటర్లు, అంటే జానెడు కంటే కాస్త ఎక్కువ దూరం సరిపోతుంది. లోపలి గోలీ టకటకమనడం మొదలయ్యాక ఇంకో రెండు నిమిషాలు డబ్బాను బాగా కుదపండి. మాస్క్ పెట్టుకుని, ఆరుబయట నీడలో కొట్టండి. మీట బొమ్మ మీద నొక్కకండి, పక్కన ఖాళీలో నొక్కి, బొమ్మ మీదుగా పోనిచ్చి, అవతల ఖాళీలో వదలండి. పూత పడగానే వెలుగులో వాల్చి చూస్తే తడి మెరుపు కనిపించాలి, కాసేపటికి అది మసకబారాలి. మొదటి పూతలో అక్కడక్కడా బొమ్మ అసలు రంగు తొంగిచూసినా ఫర్వాలేదు. ఒకేసారి దట్టంగా కొడితే కనురెప్పలు, నడికట్టు కొక్కేలు పూడిపోతాయి, వాటిని మళ్లీ తీసుకురాలేం.

ముసురు రోజుల్లో అసలు స్ప్రే జోలికి పోకండి. గాలిలో తేమ ఎక్కువైతే పూత తెల్లగా మంచుపట్టినట్టు అవుతుంది. అప్పుడు కుంచెతో వేసే ప్రైమర్ నయం. రెండు పల్చటి పూతలు వేసి, ఒక రోజు పూర్తిగా వదిలేయండి.

ప్రైమర్ రంగు విషయంలో నా ఓటు బూడిద రంగుకే. నలుపులో దాగిపోయే అచ్చు గీతలు (అచ్చు ముక్కలు కలిసిన చోట బొమ్మ మీద పడే గీతలు) ఇందులో ఇట్టే పట్టుబడతాయి.

గరుకు తేలిన బొమ్మను పారేయకండి. పొడి టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దితే పైపై పొడి రాలిపోతుంది. అప్పటికీ పోకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి ప్రైమర్ తీసేయొచ్చు. లోహానికి భయం లేదు కానీ, రెసిన్, ప్లాస్టిక్ అయితే ముందు పీఠం అడుగున ఒక చుక్క వేసి చూడండి. మళ్లీ స్ప్రే చేసేముందు పాత ప్లాస్టిక్ చెంచా మీద ఒక విడత కొట్టండి. చెంచా నున్నగా వస్తేనే బొమ్మను చేతిలోకి తీసుకోండి.