కంచం వేరు చేయకండమ్మా, కిటికీ తెరవండి

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా మావయ్యగారికి 61 ఏళ్లు. నెలన్నరగా దగ్గుతుంటే కళ్లె పరీక్ష చేయించాం, టీబీ అన్నారు. మందులు మొదలుపెట్టి పది రోజులైంది. ఇంట్లో రెండే గదులు. బాబుకు 3 ఏళ్లు, పాపకు 8 ఏళ్లు. ఇరుగుపొరుగు చెబితే ఆయన కంచం, గ్లాసు వేరు చేశాం. అప్పటినుంచి ఆయన ముభావంగా ఉంటున్నారు, సగం అన్నం వదిలేస్తున్నారు. పిల్లల్ని మా పుట్టింటికి పంపేయమంటారా?
- ఓ కోడలు, కోనసీమ

డాక్టర్ సలహా: అమ్మా, ముందు ఆ కంచం సంగతి. టీబీ కంచం వల్ల, గ్లాసు వల్ల, బట్టల వల్ల రాదు. మామూలుగా సబ్బుతో తోమితే చాలు. ఆ జబ్బు గాలిలో వస్తుంది. రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు కంటికి కనిపించని తుంపరలు బయటికి వస్తాయి. తలుపులు మూసిన గదిలో అవి గంటల తరబడి తేలుతూనే ఉంటాయి. గాలి ఆడితే చెదిరిపోతాయి, ఎండ తగిలితే క్రిమి చచ్చిపోతుంది.

మన వైపు చిక్కంతా ఇక్కడే. దీపాలు పెట్టే వేళకి దోమలని కిటికీలన్నీ బిగించేస్తాం. ముసురు పట్టిందంటే పగలు కూడా అంతే. ఇకనుంచి కిటికీలు తెరిచే ఉంచండి, దోమలకు తెర కట్టుకోండి. ఇంట్లో ఏసీ ఉంటే ఆయన ఉన్న గదిలో వేయకండి, అది ఉన్న గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. వాన లేనప్పుడు మావయ్యగారికి అరుగు మీదో, కొబ్బరి చెట్ల నీడనో మంచం వేయండి. పగలు పిల్లలు అక్కడే ఆయనతో కబుర్లు చెప్పుకోవచ్చు. రాత్రిపూట మాత్రం మరికొన్నాళ్లు పిల్లలు వేరే గదిలో పడుకోవాలి. పిల్లలు దగ్గరికి వచ్చినప్పుడు ఆయన మాస్కు పెట్టుకుంటే మరీ మంచిది.

దగ్గు వస్తే భుజం మీద తుండుగుడ్డ ఎలాగూ ఉంటుంది, దాన్ని నోటికి అడ్డం పెట్టుకోమనండి. రోజూ ఉతికి ఎండలో ఆరేయండి. కళ్లె వాకిట్లోనో, పంట కాలువలోనో ఉమ్మకూడదు. మూత ఉన్న డబ్బాలో కాస్త ఫినాయిల్ పోసి, అందులో ఉమ్మి, మరుగుదొడ్డిలో పారబోయాలి. లంక పొగాకు చుట్ట అలవాటుంటే ఇప్పుడే మానేయాలి. మద్యం కూడా వద్దు, ఈ మందులతో కలిస్తే కాలేయానికి చేటు.

పిల్లల్ని ఇప్పుడే పంపకండి. మందులు మొదలుకాని ఆ నెలన్నరలోనే వాళ్లు ఎక్కువగా ఆ గాలి పీల్చారు. పంపేస్తే చేయించాల్సిన పరీక్ష తప్పిపోతుంది. ఇద్దర్నీ తీసుకుని మీరంతా కూడా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. జబ్బు లేదని తేలితే బాబుకు టీబీ రాకుండా ముందుజాగ్రత్త మందు ఇస్తారు. అయిదేళ్లలోపు పిల్లలకు ఇది తప్పనిసరి. పాపకూ, పెద్దవాళ్లకూ అవసరాన్ని బట్టి ఇస్తారు. పుట్టగానే వేసే బీసీజీ టీకా చిన్నపిల్లలను ప్రాణాంతకమైన టీబీ నుంచి కాపాడుతుంది గానీ, టీబీ అసలు రానే రాదని కాదు.

అందరికీ రక్ష మావయ్యగారి మాత్రలే. మందులకు లొంగే టీబీ అయితే సుమారు రెండు వారాల్లో అంటించే శక్తి బాగా తగ్గిపోతుంది. 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనంలో కొందరు రోగులకు శానటోరియంలో, అంటే టీబీ ఆసుపత్రిలో ఉంచి, కొందరికి ఇంట్లోనే మందులిచ్చారు. ఇంట్లో ఉన్నవారి కుటుంబాలకు జబ్బు ఎక్కువేమీ అంటలేదు. మావయ్యగారి రిపోర్టులో టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందని రాశారో లేదో అడగండి. షుగర్ పరీక్ష కూడా చేయించండి.

మాత్రలు వేసుకున్నాక మూత్రం నారింజ రంగులో వస్తే టెన్షన్ పడకండి, అది మందు రంగే. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే డాక్టర్‌కు చూపించండి. రెండు నెలలకు దగ్గు తగ్గి, ఒళ్లు తేలికపడుతుంది. చాలామంది అక్కడే మందు ఆపేస్తారు. ఆపితే జబ్బు మొండికేసి తిరగబెడుతుంది, అప్పుడు ఇంకా బలమైన మందులు వాడాలి. ఆరు నెలలూ పూర్తి చేయాల్సిందే.

పథ్యం పేరుతో గుడ్డు, చేప, పెరుగు మాన్పించకండి. ఆహారం కోసం ప్రభుత్వం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తుంది. రాకపోతే ఆశా కార్యకర్తను అడగండి, లేదా 1800 11 6666కు ఫోన్ చేయండి. ఈ రాత్రి ఆయన పాత కంచంలోనే వడ్డించండి. మీరూ అరుగు మీద ఆయన పక్కనే కూర్చుని తినండి.