రవివర్మ బొమ్మ చూసి వేస్తే కేసవుతుందా?

ప్రశ్న: పోర్ట్రెయిట్ నేర్చుకోవడానికి రవివర్మ ‘దేర్ కమ్స్ పాపా’ ప్రింటు మీద గళ్లు గీసుకుని ఆయిల్ రంగుల్లో వేశాను. అమెరికాలో ఉండే బంధువులు కొంటామంటున్నారు. తర్వాత చిత్రకారుడు వడ్డాది పాపయ్య గారు గీసిన బొమ్మ ఒకటి చూసి వేయాలని ఉంది. చట్టపరంగా ఇబ్బందులొస్తాయా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: రవివర్మ బొమ్మకు కాపీరైట్ భయం లేదు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 22 ప్రకారం చిత్రకారుడు చనిపోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఆయన పోయింది 1906లో. ఇప్పటి లెక్కన చూసినా 1966తోనే గడువు తీరింది. నిరభ్యంతరంగా అమ్ముకోవచ్చు. 1925లో పోయిన మీ ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు గారి బొమ్మలకూ ఇదే లెక్క. ఆ బొమ్మలున్న గ్యాలరీలో కూర్చుని వేయాలంటే మాత్రం వాళ్ల అనుమతి కావాలి, అది వేరే సంగతి.

పాపయ్య గారు 1992లో పోయారు కాబట్టి 2052 చివరిదాకా హక్కు ఉంటుంది. ఇంట్లో సాధన కోసం వేసుకుంటే సెక్షన్ 52(1)(ఎ), క్లాసులో పాఠంగా వేస్తే 52(1)(ఐ) మిమ్మల్ని కాపాడతాయి. అమ్మితే ఆ రక్షణ పోతుంది. తెలిసి చేసినట్టు రుజువైతే సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. పత్రిక కోసం వేసిన బొమ్మైతే హక్కు వారసులదా, పత్రికదా అన్నది తేల్చుకుని, రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే అమ్మండి.

అసలు చిక్కు సంతకంతో వస్తుంది. బొమ్మను ఉన్నదున్నట్టు దించే ఊపులో మూలనున్న సంతకాన్నీ దించేస్తారు. అది అసలుదని నమ్మి ఎవరైనా డబ్బిస్తే, నమ్మించి అమ్మినవారి మీద భారతీయ న్యాయ సంహిత 318(4) కింద మోసం కేసు పడుతుంది, ఏడేళ్ల దాకా శిక్ష. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో కాపీ చేసేవాళ్లను అసలు చిత్రకారుడి సంతకం దించనివ్వరు, కొలత కూడా అసలుకంటే ఐదో వంతైనా తేడా ఉండాలంటారు. మీరూ అలాగే చేయండి. కాన్వాస్ వెనక, చెక్క మీదికి మడిచిన అంచున ‘రవివర్మ చిత్రానికి నకలు’ అని, మీ పేరు, ఏడాది పెన్సిల్‌తో రాయండి. ఫ్రేము మీద రాస్తే ఫ్రేము మారగానే పోతుంది. మార్కర్ వాడితే సిరా ముందుకు ఊరవచ్చు.

ఇక అమెరికా మాట. రవివర్మ అసలు చిత్రాలు 1972 పురావస్తు, కళా సంపద చట్టం కింద దేశం దాటకూడదు. మీది నకలే అయినా కస్టమ్స్‌లో అనుమానం రావచ్చు. ‘నకలు’ అని రాసిన బిల్లు, గళ్ల దశ నుంచి తేదీలతో తీసిన ఫోటోలు దగ్గర ఉంచుకోండి. పంపేముందే పురావస్తు శాఖ నుంచి ఇది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోండి.