గునుగు మొలకలు మాడింది తెగులుతో కాదు

ప్రశ్న: బతుకమ్మ పండుగకు పూలు అమ్ముకుందామని 5 గుంటల చెల్కలో గునుగు విత్తనం చల్లాను. అంతకు ముందు అక్కడ మొక్కజొన్న వేసి కలుపు మందు కొట్టాను. వానలు లేక పంట ఎండిపోతే నెలకు దున్నేశాను. గునుగు బాగానే మొలిచింది కానీ, పది రోజుల తర్వాత ఆకులు అంచుల నుంచి పసుపెక్కి మాడుతున్నాయి. వేరుకుళ్లు అనుకొని, డీలర్ చెప్పినట్టు కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు రెండుసార్లు పోశాను. తగ్గలేదు. ఇప్పుడు టానిక్ కొట్టమంటున్నాడు. మిగిలినవి గునుగో తోటకూరో కూడా తెలియడం లేదు.
– ఒక రైతు, దేవరకద్ర, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: ఇది వేరుకుళ్లు కాదు. మీరు పీకి ఫొటో తీసిన మొక్క వేరు తెల్లగా, గట్టిగా ఉంది. కుళ్లిన వేరైతే గోధుమ రంగుకు తిరిగి, పట్టి లాగితే పైతోలు ఊడి వేళ్లకు అంటుకుంటుంది. పైగా ముదురు ఆకులే ముందు మాడాయి, చిగురు పచ్చగానే ఉంది. మొక్కజొన్నకు మీరు కొట్టిన కలుపు మందు అట్రజిన్ నేలలో మిగిలిపోయి చేసే పని ఇది. అది మొలకను ఆపదు. గింజలోని తిండి అయిపోయి, వేరు నేలలోంచి తాగడం మొదలుపెట్టాక చంపుతుంది. పది రోజులు బాగున్నట్టు కనిపించింది అందుకే.

ఎంత కొట్టారని ఫోనులో అడిగితే 20 గుంటల మొక్కజొన్నకు, అంటే అరెకరాకు, కిలో అన్నారు. మొక్కజొన్నకు అట్రజిన్ 50 శాతం పొడి మందు ఎకరాకు తేలిక నేలల్లో 800 గ్రాములు, బరువు నేలల్లో 1,200 గ్రాములు, 200 లీటర్ల నీటిలో కలిపి, విత్తిన 2–3 రోజుల్లోపు తడి నేల మీద కొట్టాలి. మీ చెల్క తేలిక నేల, 20 గుంటలకు 400 గ్రాములు చాలు. రెండున్నర రెట్లు వేశారు! ఎర్ర చెల్కలో సేంద్రియ పదార్థం తక్కువ, మందును పట్టి ఉంచదు, మొక్కకే అందిస్తుంది. ఆపై వాన లేదు. పొడి నేలలో ఈ మందు త్వరగా విరగదు. గునుగు మొండి కలుపు కదా, దానికేమవుతుందని అనుకున్నట్టున్నారు. వెడల్పాకు కలుపును చంపడానికే ఆ మందు తయారైంది.

రెట్టింపు వేస్తే గడ్డి మళ్లీ రాదని చెప్పింది డీలరే అన్నారు. గడ్డే కాదు, యాసంగిలో మీరు వేయబోయే వేరుశనగ కూడా రాకపోవచ్చు. అందుకే ఆ చెల్కలో ఇప్పుడు పచ్చిమేతకు మొక్కజొన్న తప్ప వేరే విత్తనం వేయకండి. యాసంగికి ముందు రెండు డబ్బాలు తీసుకొని, ఒకదాంట్లో ఆ చెల్క మట్టి, మరొకదాంట్లో మందు తగలని గట్టు మట్టి పోసి, రెండింట్లో ఆవాలు చల్లి మూడు వారాలు చూడండి. మొదటిదాంట్లో ఆవ మొక్కలు మాడితే వేరుశనగ ఆలోచన మానేయండి.

ఇక మిగిలిన మొక్కల సంగతి. గునుగు ఆకు సన్నగా, పొడుగ్గా, చివరికి మొన తేలి ఉంటుంది. కాడ దాదాపు ఉండదు. చిలక తోటకూర ఆకుకు పొడవాటి కాడ, కొసన చిన్న నొక్కు ఉంటాయి. ఉత్తరేణికి ఆకులు ఎదురెదురుగా వస్తాయి, గునుగుకు ఒకటి విడిచి ఒకటి. గింజలతో పోల్చకండి, గునుగువీ తోటకూరవీ రెండూ నల్లగా మెరుస్తాయి. ఎండిన పువ్వు ఒకటి విప్పండి. గునుగైతే లోపలి కాయ చిన్న డబ్బాలా మూత ఊడి, నాలుగైదు గింజలు రాలతాయి. తోటకూరకు ఒకటే గింజ. సీతజడ, పట్టుకుచ్చు గునుగుకు తోట చుట్టాలు. దుకాణంలో అడిగితే ఆ విత్తనమే చేతిలో పెడతారు, జాగ్రత్త.

మందు తగలని చోట గుంటకు 50 కిలోల మాగిన పశువుల ఎరువు వేసి, 20 గ్రాముల విత్తనాన్ని రెండు కిలోల ఇసుకలో కలిపి చల్లండి. పైన మట్టి కప్పవద్దు, చీపురుతో తేలిగ్గా ఊడిస్తే చాలు. మొలిచాక జానెడు దూరానికి ఒకటి ఉంచి మిగతావి పీకేయండి. పీకినవి లేత కూరగా వండుకోవచ్చు, కానీ మందు పడిన చెల్కలోవి మాత్రం వద్దు. 25–30 రోజులకు తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. యూరియా అవసరం లేదు. ఆకులు గూడు కట్టే పురుగు కనిపిస్తే 1500 పీపీఎం వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, సాయంత్రం పూట. అంతకు మించి ఏదీ కొట్టవద్దు. ఆ పూలను ఆడవాళ్లు చేతులతో పేరుస్తారు, చివరికి చెరువులో వేస్తారు.

అసలైతే జూన్ చివరికో జూలై మొదట్లోనో చల్లాల్సింది. ఆగస్టు 10లోపు చల్లినా పూస్తుంది, మొక్క పొట్టిగా, కంకి చిన్నగా ఉంటుంది. పండుగ అయ్యాక మిగిలిన కంకులను గింజ రాలకముందే కోసి విత్తనానికి గోనె మీద ఆరబెట్టుకోండి. వదిలేస్తే వచ్చే ఏడాది మీ కందిలో అదే కలుపై కూర్చుంటుంది, మీరు మళ్లీ మందు డబ్బా ఎత్తుతారు.

టానిక్ సీసా మూత ఇంకా తీయకపోతే తిరిగి ఇచ్చేసి డబ్బు అడగండి.